వేదాద్రి మెట్టలో ధాన్యపు పంటలు: నీటి లెక్క, ఎరువు లెక్క

వేదాద్రి కృష్ణ ఒడ్డునే ఉంది. ఎగువన పులిచింతల జలాశయం, దిగువన ప్రకాశం బ్యారేజి, మధ్యలో నరసింహస్వామి కొండ. ఒడ్డు దాటి ఉత్తరంగా జగ్గయ్యపేట వైపు, తూర్పుగా నందిగామ వైపు వెళ్లేకొద్దీ నేల మెల్లగా ఎత్తు పెరుగుతుంది. నది కిందా, పొలం పైనా ఉండడం ఈ ప్రాంతపు సేద్యానికి మొదటి ఇబ్బంది. రెండోది నేల అడుగున ఉంది. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు కర్మాగారాలు వెలిసింది ఇక్కడి సున్నపురాయి వల్లే. ఆ రాయి కరిగి, అరిగి ఏర్పడిన నేలల్లో సున్నం పాలు ఎక్కువ. వరి, మొక్కజొన్న, మినుము, పెసర, జొన్న వంటి పంటలను ఒకదాని వెనక ఒకటి వేసే రైతుకు ఈ రెండూ కలిసే ఎదురవుతాయి. నీరు ఎప్పుడు వస్తుందో తెలియకుండా ఎరువు ఎప్పుడు వేయాలో తేలదు. నేలలో సున్నం ఎంతుందో తెలియకుండా ఏ ఎరువు వేయాలో తేలదు.

కృష్ణా జిల్లా అనగానే డెల్టా మాగాణి గుర్తుకొస్తుంది. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతం అందుకు భిన్నం. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న ఈ మెట్టకు పడమట పాలేరు, తూర్పున మున్నేరు ప్రవహిస్తున్నాయి. రెండూ వానాకాలంలో పొంగి వేసవిలో ఎండే వాగులే. నాగార్జునసాగర్ కాలువ రాకముందు ఇక్కడి తిండి జొన్న, సజ్జ, కంది, పెసర. కొద్దిపాటి వరి చెరువుల కిందా, మున్నేటి ఆనకట్ట కిందా పండేది. నందికొండ దగ్గర ఆనకట్ట కట్టాలని ఏళ్ల తరబడి పట్టుబట్టినవారిలో ఈ గడ్డకు చెందిన ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ ముందువరసలో ఉన్నారు. 1955 డిసెంబరు 10న అక్కడే నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. ఆ ప్రాజెక్టు ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మం ప్రాంతాలు దాటి, చిట్టచివర ఈ మెట్టకు చేరుతుంది. ప్రాజెక్టు కోసం గట్టిగా గొంతెత్తిన ప్రాంతమే దాని కాలువకు చివరి ఆయకట్టు అయింది.

చివరి ఆయకట్టు అంటే ఏమిటో ఖరీఫ్ మొదట్లో బోధపడుతుంది. జూన్‌లో తొలకరి పడుతుంది. జలాశయం నిండి, కాలువ వదిలి, ఎగువ తూములన్నీ తడిసి, నీరు చివరి మేజరు కాలువలకు వచ్చేసరికి చాలా ఏళ్లు ఆగస్టు అవుతుంది. సాగర్ ఆయకట్టును మొదటినుంచీ తరి, ఆరుతడి అని రెండు రకాలుగా కేటాయించారు. తరి భూమికి వరి. ఆరుతడి భూమికి మొక్కజొన్న, జొన్న, పప్పుధాన్యాలు, పత్తి, మిరప. కాలువలో నీరు కనిపించాక ఎగువన ఆరుతడి భూములు కూడా వరిమళ్లయ్యాయి. ఆ భారం చివరి రైతు మీద పడింది. అందువల్ల ఇక్కడ పంటల మార్పిడిని నీటి రాకడ నుంచి మొదలుపెట్టి ఆలోచించాలి. ధర చూసి పంట ఎంచుకుని, తర్వాత నీటికోసం వెతుక్కునే పద్ధతి చివరి భూముల్లో నిలవదు.

కాలువ చివరికి అందని నీటిని నది నుంచే ఎత్తిపోయాలన్న ఆలోచన వేదాద్రి ఎత్తిపోతలకు మూలం. 2020 ఆగస్టులో శంకుస్థాపన జరిగినప్పుడు జగ్గయ్యపేట, వత్సవాయి, పెనుగంచిప్రోలు, నందిగామ మండలాల్లో 38,627 ఎకరాలకు 2.7 టీఎంసీల నీరివ్వాలని అనుకున్నారు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 2.7 టీఎంసీలను 38,627 ఎకరాలకు పంచితే ఎకరాకు సుమారు 70 వేల ఘనపుటడుగులు వస్తాయి. పొలమంతా సమానంగా నిలబెడితే అది దాదాపు 490 మిల్లీమీటర్ల లోతు, అంటే అడుగున్నర పైచిలుకు. కాలువల్లో ఇంకేది, ఆవిరయ్యేది ఇంకా తీసేయలేదు. దమ్ము చేసి నీరు నిలగట్టే వరికి పంట మొత్తానికి 1200 మిల్లీమీటర్లు, ఒక్కోచోట అంతకు మించి కావాలి. రబీ మొక్కజొన్నకు 500 నుంచి 600 సరిపోతాయి. మినుముకు, పెసరకు 300 లోపే చాలు. కాబట్టి ఈ పథకపు నీరు వానకు తోడుగా ఒక ఖరీఫ్ పంటను గట్టెక్కించడానికో, లేదా ఒక ఆరుతడి పంటను పండించడానికో కొలిచినట్టు ఉంది. ఏడాదికి రెండు వరి పంటలకు అది ఏ లెక్కనా చాలదు. పైగా ఎత్తిపోసిన ప్రతి చుక్క వెనకా కరెంటు ఖర్చు ఉంటుంది. ఆ నీటిని మడిలో నిలగట్టి ఆవిరి కానివ్వడం పెద్ద నష్టం.

ఈ నీటికి తగిన పంటల వరస ఈ ప్రాంతంలో కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. తొలకరికి పెసర గానీ, జీలుగ గానీ; కాలువ వచ్చాక వరి; వరి కోశాక నేలలో మిగిలిన తేమ మీద మినుము, లేదా రెండు మూడు తడులు దొరికే చోట దున్నకుండా వేసే మొక్కజొన్న లేదా జొన్న. కాలువ అందని చెలకల్లో కంది, పెసర, మొక్కజొన్న. కాలువ ఆలస్యంగా వస్తుందని బాధపడే జూన్, జూలై నెలలే పెసరకు, పచ్చిరొట్టకు అనువైన కాలం. సుమారు 65 రోజుల పెసర రెండు కోతలు ఇచ్చి, వరి దమ్ముకు ముందే నేల ఖాళీ చేస్తుంది. ఆ మొక్కల్ని అలాగే కలియదున్నితే ఆకు, కాండం, వేరు నేలలో కలుస్తాయి. పెసర వద్దనుకుంటే ఎకరాకు 10 నుంచి 12 కిలోల జీలుగ విత్తనం చల్లి, పూత దశలో కలియదున్నాలి. వానలు అనుకూలిస్తే ఆ ఒక్క పైరు ఎకరాకు పాతిక కిలోల దాకా నత్రజనిని నేలకు ఇవ్వగలదు. అంటే ఒక యూరియా కట్టలో ఉండేదానికి కాస్త పైనే.

ఎరువు సంగతికి వచ్చేముందు నేల సంగతి తేల్చుకోవాలి. జగ్గయ్యపేట మండలంలోని గరికపాడులో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధన స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం సలహాలకు దగ్గరలోనే ఉన్నాయి. 2015 ఫిబ్రవరిలో దేశమంతటా మొదలైన భూసార పరీక్ష పత్రాల పథకం కింద 12 అంశాలు పరీక్షిస్తారు. పరీక్ష ఎంత బాగున్నా తీసిన మట్టి సరైనది కాకపోతే ఫలితం తప్పుతుంది. వేసవిలో, పొలం ఖాళీగా ఉన్నప్పుడు మట్టి తీయాలి. గట్ల పక్కన, చెట్ల నీడలో, ఎరువు కుప్పలు పోసిన చోట తీయకూడదు. పొలంలో ఎనిమిది పది చోట్ల పైచెత్త తొలగించి, వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, అంచు నుంచి పలకలా మట్టి గీకి, అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు ఉంచుకుంటూ చివరికి అరకిలో మిగల్చాలి. ఒకే రైతు పొలంలో కొంత నల్లరేగడి, కొంత ఎర్రచెలక ఉండడం ఇక్కడ మామూలే. వాటి మట్టిని కలపకుండా వేరువేరుగా పంపాలి.

సున్నపు నేలల్లో మూడు పోషకాల విషయంలో చిక్కు వస్తుంది. మొదటిది భాస్వరం. వేసిన భాస్వరంలో ఎక్కువ భాగం సున్నంతో కలిసి గట్టిపడి, వేళ్లకు అందకుండా పోతుంది. రెండోది జింకు. మూడోది ఇనుము. ఈ రెండూ నేలలో ఉన్నా, ఉదజని సూచిక 8 దాటిన చోట మొక్కకు అందే రూపంలో ఉండవు. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో వరి ముదురాకుల మీద తుప్పురంగు మచ్చలు లేచి, పిలకలు రాక పైరు గిడసబారితే అది జింకు లోపం. మొక్కజొన్నలో లేతాకుల మొదళ్ల దగ్గర, మధ్య ఈనెకు ఇరువైపులా తెల్లని పట్టీలు కనిపిస్తాయి. ఈ మచ్చలను తెగులనుకుని మందు కొట్టించిన పొలాలు ఎన్నో. జింకు అందేదాకా ఆ పైరు కోలుకోదు. వరి వేసే భూమిలో మూడు పంటలకొకసారి ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయాలి. భాస్వరపు ఎరువుతో కలిపి వేయకుండా రెండు మూడు రోజుల ఎడం ఇవ్వాలి. పైరులో లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి ఐదు రోజుల తేడాతో రెండు మూడు సార్లు పిచికారీ చేయాలి. మెట్ట నారుమడిలోనూ, దమ్ము లేకుండా పొడి దుక్కిలో వెదజల్లిన వరిలోనూ లేతాకులు పాలిపోయి తెల్లబారితే అది ఇనుప లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లితే పైరు తేరుకుంటుంది. నీరు నిలగట్టిన మడిలో ఇనుము దానంతటదే కరిగి అందుతుంది. అందుకే నీరు ఆదా చేయడానికి పొడి పద్ధతికి మారే రైతు ఇనుము మీద ఓ కన్నేసి ఉంచాలి.

ఇక నత్రజని. ధాన్యపు పంటల ఎరువు ఖర్చులోనూ, వృథాలోనూ పెద్ద వాటా దీనిదే. ఒక టన్ను వడ్లు పండాలంటే పైరు మొత్తం మీద 15 నుంచి 20 కిలోల నత్రజని తీసుకుంటుంది. టన్ను మొక్కజొన్నకు 20 నుంచి 25 కిలోలు కావాలి. ఎకరాకు రెండున్నర టన్నుల వడ్లు, అంటే 75 కిలోల బస్తాలు 33 పండించి, ఆ వెనక నాలుగు టన్నుల మొక్కజొన్న తీసిన పొలం ఏడాదిలో 120 నుంచి 150 కిలోల నత్రజనిని వాడుకుందన్నమాట. ఒక 45 కిలోల యూరియా కట్టలో ఉండేది 20.7 కిలోలు. రబీ మొక్కజొన్నకు ఎకరాకు 80 కిలోల నత్రజని ఇవ్వాలనుకుంటే, దుక్కిలో వేసే ఒక డీఏపీ బస్తా నుంచి 9 కిలోలు వస్తాయి. మిగతా 71 కిలోలకు మూడున్నర కట్టల యూరియా చాలు. దీనికి రెండింతలు వేసినా గింజ రెండింతలు కాదు. పైరు నల్లపచ్చగా ఏపుగా పెరిగి, పురుగును, తెగులును పిలుస్తుంది, గాలికి పడిపోతుంది.

యూరియా అతిగా వాడడానికి రైతు అవగాహన లోపం ఒక్కటే కారణమనడం న్యాయం కాదు. 2010 ఏప్రిల్ నుంచి భాస్వరం, పొటాష్ ఎరువులకు పోషకాల ఆధారిత రాయితీ వచ్చింది. యూరియాను అందులో చేర్చలేదు. దాని ధర 45 కిలోల కట్టకు రూ. 266.50 దగ్గర నిలిచిపోయింది. మిగతా ఎరువుల ధరలు అంతకు అనేక రెట్లయ్యాయి. చవకగా దొరికేదాన్ని ఎక్కువ వాడడం సహజం. 2015లో యూరియా మొత్తానికీ వేపపూత తప్పనిసరి చేశారు. అది యూరియా నేలలో నైట్రేట్‌గా మారే వేగాన్ని తగ్గిస్తుంది. అంతే గానీ పైన చల్లి వదిలేసిన యూరియా గాలిలో కలవకుండా ఆపలేదు.

గాలిలో కలవడమంటే ఇది. యూరియా తడినేల మీద పడగానే నేలలోని ఎంజైము దాన్ని విడగొట్టి అమ్మోనియాగా మారుస్తుంది. సున్నపు నేలలో, ఎండపూట, ఆ అమ్మోనియా వాయువుగా లేచిపోతుంది. నిలవ నీటిలో చల్లినా ఇదే జరుగుతుంది. నీరు గట్టు దాటితే మిగిలింది కూడా కొట్టుకుపోతుంది. నీరు నిలిచిన వరిలో వేసిన నత్రజనిలో పైరుకు చేరేది 30 నుంచి 40 శాతమే. దీన్ని తగ్గించే మార్గం తెలుగు నేల మీద వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఏళ్లుగా చెబుతున్నదే. మడిలో నీరు తీసి, బురద పదునులో యూరియా సమానంగా వెదజల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత పలుచగా నీరు పెట్టాలి. యాభై కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండి గానీ, 250 కిలోల తేమ మట్టి గానీ కలిపి రెండు రోజులు నిలవ ఉంచి చల్లితే నష్టం ఇంకా తగ్గుతుంది. మొత్తం మోతాదును మూడు భాగాలు చేసి నాట్లకు ముందు దమ్ములో ఒకటి, పిలకలు తొడిగేటప్పుడు ఒకటి, అంకురం దశలో ఒకటి ఇవ్వాలి. అంకురం దాటాక వేసిన యూరియా ఆకును పెంచుతుంది, కంకిని పెంచదు.

నీటికీ ఎరువుకూ ముడి ఎంత గట్టిదో నత్రజని దగ్గర స్పష్టంగా తెలుస్తుంది. మడి ఆరినప్పుడు నేలలోకి గాలి చొరబడి అమ్మోనియా నైట్రేట్‌గా మారుతుంది. ఆ వెంటనే నీరు నిలగడితే గాలి అందక, సూక్ష్మజీవులు ఆ నైట్రేట్‌లోని ప్రాణవాయువును వాడుకుని నత్రజనిని వాయువుగా వదిలేస్తాయి. ఆ వాయువుల్లో ఒకటి నైట్రస్ ఆక్సైడు. భూగోళాన్ని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 270 రెట్లు తీవ్రమైనది. వంతు నీటి మీద ఆధారపడ్డ చివరి పొలాల్లో మడి ఆరడం, తడవడం రైతు చేతిలో ఉండదు. అందువల్ల వంతు వచ్చే తేదీ తెలిసినప్పుడే పైపాటు యూరియా వేయాలి. ఎరువు వేశాక మొదటి వారం మడిలో నెర్రెలు రానివ్వకూడదు. నీరు ఎప్పుడొస్తుందో తెలియని వారంలో యూరియా కట్ట ఇంట్లో ఉండడమే మంచిది.

మడిని ఆరనివ్వకూడదని దీని అర్థం కాదు. తడి ఆరబెట్టి మళ్లీ పెట్టే పద్ధతి వరిలో నీటి ఖర్చును నాలుగో వంతు దాకా తగ్గిస్తుంది. నీరు నిలిచిన మడి నుంచి వచ్చే మీథేన్ వాయువును కూడా బాగా తగ్గిస్తుంది. దీనికి కావలసిన పరికరం అడుగు పొడవున్న, చుట్టూ రంధ్రాలు పెట్టిన ప్లాస్టిక్ గొట్టం ఒక్కటే. దాన్ని సగానికి పైగా బురదలో దింపి, లోపలి మట్టి తీసేయాలి. గొట్టంలో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడు మళ్లీ నీరు పెట్టాలి. నాటిన తొలి రెండు వారాలు, ఆ తర్వాత పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా పలుచగా నీరు నిలవాలి. మిగతా కాలమంతా ఆరనిచ్చి తడపవచ్చు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారం చేసిన ఈ కొలతను నల్లరేగడిలో కాస్త జాగ్రత్తగా వాడుకోవాలి. రేగడి ఆరితే లోతైన నెర్రెలు విచ్చుతాయి. ఆ తర్వాత పెట్టిన నీరు నెర్రెల గుండా నేరుగా అడుగుకు జారిపోతుంది. ఆదా అయిన నీటికంటే జారిపోయింది ఎక్కువవుతుంది. గొట్టంలో మట్టం చూడడంతోపాటు నేల మీద సన్నని గీతలు కనబడగానే తడి ఇవ్వడం రేగడికి తగిన పద్ధతి.

నాట్లు పూర్తిగా మానుకుని, వెదజల్లే పద్ధతికో, డ్రమ్ సీడరుకో మారినా నీరు, కూలి ఖర్చు రెండూ తగ్గుతాయి. కాలువ నీటి కోసం ఎదురుచూస్తూ నారు ముదిరిపోయే ఇబ్బంది తప్పుతుంది. కలుపు ఒక్కటే పెద్ద సమస్య. దాన్ని తొలి నెలలో అదుపు చేయగలిగినవారే ఈ దారి పట్టాలి.

భాస్వరం దగ్గర ఒక్కో పంటకు విడిగా లెక్క వేయడం వల్ల చాలా డబ్బు వృథా అవుతోంది. వరికి దమ్ములో డీఏపీ, ఆ తర్వాత పైపాటుగా మళ్లీ కాంప్లెక్స్ ఎరువు, మొక్కజొన్నకు మళ్లీ డీఏపీ వేయడం అలవాటైంది. భాస్వరం నేలలో కదలదు. పైన చల్లింది పైనే ఉండి వేరుకు అందదు కాబట్టి కాంప్లెక్స్ ఎరువులను పైపాటుగా వేయకూడదు. ఏళ్ల తరబడి వేసిన భాస్వరం చాలా పొలాల్లో నిలవ పడి ఉంది. నీరు నిలిచినప్పుడు ఆ నిలవలో కొంత కరిగి వరికి అందుతుంది. ఆరుతడి పంటకు ఆ వెసులుబాటు లేదు. అందుచేత వరి, మొక్కజొన్న వరసలో భాస్వరాన్ని మొక్కజొన్నకు పూర్తిగా ఇచ్చి, పరీక్షలో నిలవ బాగున్నట్టు తేలితే వరికి తగ్గించాలి. మినుముకు, పెసరకు సింగిల్ సూపర్ ఫాస్ఫేటు మేలు. అందులో 16 శాతం భాస్వరంతోపాటు గంధకం కూడా ఉంటుంది. నిలవ భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా మందును పశువుల ఎరువుతో కలిపి దుక్కిలో వేయడం ఇలాంటి నేలలకు తగిన పని.

పొటాష్ కథ వేరు. పైరు తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం గింజలోకి పోదు, గడ్డిలో ఉండిపోతుంది. ఎకరాకు వచ్చే రెండున్నర టన్నుల వరిగడ్డిలో ఉండే పొటాష్ 60 నుంచి 80 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌కు సమానం. నల్లరేగడిలో సహజంగానే పొటాష్ పుష్కలం కాబట్టి లోటు వెంటనే తెలియదు. ఎర్రచెలకల్లో త్వరగానే తెలుస్తుంది. గడ్డి పశువు తిని, పేడ పొలానికి తిరిగి వస్తే చక్రం తెగదు. గడ్డి అమ్ముకుంటే చక్రం తెగుతుంది. మొక్కజొన్న చొప్పను, వరి కొయ్యకాళ్లను కాలిస్తే నత్రజని దాదాపు మొత్తం, గంధకంలో కొంత పొగలో పోతాయి. రబీ పంట విత్తే తొందరలో నిప్పు పెట్టడం కంటే కొయ్యకాళ్ల మధ్యనే గుంటలు చేసి మొక్కజొన్న విత్తడం తేలిక. దున్నకం ఖర్చు ఉండదు. పది పదిహేను రోజులు ముందుగా విత్తనం పడుతుంది. వరి పంట మిగిల్చిన తేమ మీదే మొలక వస్తుంది. డిసెంబరులో విత్తితే పీచు వేసే దశ మార్చి ఎండలకు ముందే గడిచిపోతుంది. ఇలా దున్నని నేల మీద యూరియా పైపైన చల్లితే సున్నపు నేల దాన్ని నిలవనివ్వదు. మొక్కకు జానెడు దూరంలో గుంట చేసి వేసి, మట్టి కప్పి, తడి ఇవ్వాలి. నాలుగు దఫాలుగా, అంటే విత్తేటప్పుడు, మోకాలి ఎత్తులో, 45 నుంచి 50 రోజులకు, జల్లు వేసే సమయానికి ఇవ్వడం రబీ మొక్కజొన్నకు సరైన పద్ధతి.

మొక్కజొన్నకు తడులు లెక్కపెట్టి ఇవ్వాల్సిందే. మూడు నాలుగు తడులే ఉన్నాయనుకుంటే వాటిని సమానంగా పంచడం పొరపాటు. మోకాలి ఎత్తు దశ, జల్లు వేసే దశ, పీచు వేసే దశ, గింజ పాలు పోసుకునే దశ: ఈ నాలుగింటికీ తడి ఆగకూడదు. వీటిలోనూ జల్లు, పీచు దశల నడుమ పదిహేను రోజులు అతి ముఖ్యం. అప్పుడు నేల బెట్టకొస్తే పుప్పొడి పడదు, కండె చివర గింజ కట్టదు. ఆ తర్వాత ఎన్ని తడులిచ్చినా ఆ నష్టం పూడదు. బోదెలు వేసి చాళ్ల గుండా నీరు పారిస్తే పొలమంతా పారబెట్టడం కంటే నీరు బాగా ఆదా అవుతుంది. నీరు మరీ కొరవగా ఉంటే చాలు విడిచి చాలుకు పెట్టవచ్చు. 2003లో మొదలైన సూక్ష్మసేద్య పథకం ద్వారా బోర్ల కింద డ్రిప్ అమర్చుకున్నవారు యూరియాను నీటితోపాటే కొద్దికొద్దిగా పంపగలరు. చివరి భూముల్లో నీటినీ ఎరువునూ ఒకే చేత్తో నడపగలిగే పద్ధతి ఇదే.

అయితే ఏటా వరి, ఆ వెనక మొక్కజొన్న వేయడం ఈ నేలకు భారం. రెండూ నత్రజని ఆశించే పంటలే, రెండూ జింకును తోడేసేవే. కనీసం రెండేళ్లకొకసారి రబీలో మినుము రావాలి. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు పదునులో విత్తనం చల్లే అలవాటు డెల్టాలో పాతదే. ఇక్కడి రేగడి మాగాణిలోనూ అది కుదురుతుంది. విత్తనానికి రైజోబియం పట్టిస్తే వేరు బుడిపెలు చురుగ్గా ఏర్పడతాయి. పల్లాకు తెగులు బెడద ఉన్నచోట గుంటూరు దగ్గరి లాం పరిశోధన స్థానం ఇచ్చిన ఎల్‌బీజీ 787 వంటి తట్టుకునే రకం వేయాలి. మినుము తన గింజకు కావలసిన నత్రజనిని చాలావరకు గాలి నుంచే తెచ్చుకుని, తర్వాతి పంటకు ఎకరాకు పది కిలోల దాకా మిగులుస్తుంది. ఆ మేరకు తర్వాతి వరికి యూరియా తగ్గించాలి. మినుము వేసి కూడా యూరియా తగ్గించకపోతే మార్పిడి వల్ల వచ్చే లాభం చేజారినట్టే.

రసాయన ఎరువు ఒక్కటే చాలదన్న మాటకు దేశంలో గట్టి ఆధారం ఉంది. 1970లో భారత వ్యవసాయ పరిశోధన మండలి మొదలుపెట్టిన దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. తెలంగాణలోని జగిత్యాలలో 2000 నుంచి వరి వెనక వరి వేసే పొలంలో ఇదే ప్రయోగం సాగుతోంది. దేశవ్యాప్తంగా ఈ పొలాల్లో తేలింది ఒకటే. నత్రజని ఒక్కటే వేసిన మడి ఏళ్లు గడిచేకొద్దీ దిగుబడి కోల్పోతుంది. సిఫారసు చేసిన మూడు పోషకాలతో పాటు పశువుల ఎరువు పడ్డ మడి నిలకడగా పండుతుంది. వేసవిలో పొలంలో గొర్రెల మంద కట్టించడం, ఎర్రచెలకలకు చెరువు మట్టి తోలడం ఈ మెట్టలో ఒకప్పుడు మామూలు పనులు. వాటిని చాదస్తమని వదిలేసినవారు తిరిగి మొదలుపెట్టాలి. 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి సేద్యంలో వేసవిలోనే నవధాన్యాలు పొడి నేలలో చల్లి, తొలకరికి పచ్చగా నిలబెట్టే పద్ధతి కూడా ఆగస్టు దాకా నీరు రాని పొలాలకు చక్కగా కుదురుతుంది.

బోరు నీరు వాడేవారు మట్టితోపాటు నీటినీ పరీక్ష చేయించుకోవాలి. సున్నపురాయి పొరల్లో ఊరిన నీటిలో బైకార్బొనేట్లు ఎక్కువగా ఉండవచ్చు. అలాంటి నీరు ఏళ్ల తరబడి పారితే సోడియం పేరుకుని రేగడి గట్టిపడుతుంది, నీరు ఇంకదు, కారుచౌడు తేలుతుంది. పరీక్ష చూసి జిప్సం వేయడం, వానాకాలంలో మంచినీటితో ఉప్పు కడిగి బయటికి పంపడం దీనికి మందు. బయటికి పంపాలంటే మురుగు కాలువ తెరిచి ఉండాలి. మురుగు కాలువల అవసరం 2024 సెప్టెంబరు మొదట్లో అందరికీ తెలిసొచ్చింది. కుండపోత వానలకు పాలేరు, మున్నేరు ఒకేసారి పొంగి జగ్గయ్యపేట, నందిగామ పొలాలు చెరువులయ్యాయి. ఎగువన సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. ప్రకాశం బ్యారేజి దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటాయి. అలాంటి ముంపు తర్వాత బతికిన వరికి, నీరు పూర్తిగా తీసేశాకే, ఎకరాకు 20 నుంచి 25 కిలోల యూరియా, 10 నుంచి 15 కిలోల పొటాష్ అదనంగా ఇవ్వాలి. నీరు ఉండగానే చల్లితే ఆ ఎరువు ఏటి పాలే.

ఇదంతా ఒక్క రైతు చేతిలో ఉండేది కాదు. 1997లో వచ్చిన సేద్యపునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం నీటి వినియోగదారుల సంఘాలకు కాలువ నిర్వహణలో వాటా ఇచ్చింది. మేజరు కింద వంతులు ఏ రోజు ఎవరివో సంఘం ముందే నిర్ణయించి, ఆ తేదీలను రైతు సేవా కేంద్రంలో అంటిస్తే, చివరి తూము కింది రైతు యూరియా ఎప్పుడు కొనాలో, ఎప్పుడు వేయాలో నిశ్చింతగా తేల్చుకోగలడు. రబీకి కాలువ ఇస్తారో లేదో నీటిపారుదల సలహా మండలి నవంబరు మొదట్లోనే చెప్పగలిగితే, వరి కోత నాటికి మొక్కజొన్నా, మినుమా అన్నది తేలిపోతుంది. ఆ మాట డిసెంబరు చివర వస్తే మొక్కజొన్న ఎండల్లో చిక్కుకుంటుంది, మినుముకు పదును ఆరిపోతుంది. నీరు ఇవ్వలేమన్న మాట కూడా సకాలంలో వస్తే రైతుకు పనికొస్తుంది. అప్పుడు మినుము విత్తనం సిద్ధం చేసుకోవచ్చు, నాలుగు కట్టల యూరియా కొనడం మానుకోవచ్చు.